బుగ్గ మీద చెయ్యి

బుగ్గతల్లి బుగ్గ మీది చెయ్యి అబద్ధమని కోడలికి తెలిసింది మంగళవారం పొద్దున పది గంటలకు, ఇంకా టీ కూడా తాగకముందు.

కోడలు అంటే ఎవరి కోడలని అడక్కండి. మ్యూజియంలో రాతి విగ్రహాలను శుభ్రం చేసి, విరిగినవాటిని అతికే గదిలో ముప్పై ఏళ్లు పనిచేసిన పెద్దాయనకు కోడలు. ఆయన చేతికింద పని నేర్చుకోవడానికి వచ్చిన రోజున గేటు దగ్గర కాపలా మనిషి ‘పెద్దాయన కోడలు’ అన్నాడు. ఆ మాట అలాగే అతుక్కుపోయింది. ఇప్పుడు ఆవిడకు నలభై ఎనిమిదేళ్లు, ఆ గదికి ఆవిడే పెద్ద, అయినా డైరెక్టరు కూడా ‘కోడలుగారూ’ అనే పిలుస్తాడు.

బుగ్గతల్లి కూడా ముద్దుపేరే. పుస్తకంలో ఆమె పేరు మాతృక, వయసు వెయ్యేళ్లు, నల్లరాయి. నిలబడి ఉంటుంది, ఎడమ నడుం మీద బిడ్డ. ఆ బిడ్డ కుడి చెయ్యి చాచి తల్లి బుగ్గను పట్టుకుని ఉంటాడు. మ్యూజియంలో ఇంకా పెద్ద విగ్రహాలున్నాయి, నిలువెత్తు దేవుళ్లున్నారు, ఎనిమిది చేతులవాళ్లున్నారు. కానీ జనం వచ్చి ఆగిపోయేది ఈమె దగ్గరే. వాకిట్లో అమ్మే కార్డుల మీద బొమ్మ కూడా ఈమెదే.

ఆ తల్లి వచ్చే నెల వేరే ఊళ్లో ప్రదర్శనకు వెళ్తోంది. వెళ్లేముందు విగ్రహం ఎలా ఉందో కోడలు చూసి, రాసి, సంతకం పెట్టాలి. అందుకని తెరలు దించి, ఊదారంగు దీపం వెలిగించింది. ఆ వెలుగులో పాత రాయి నల్లగా ఉండిపోతుంది, తర్వాత ఎవరైనా అతికిందేమైనా ఉంటే పాలలా తెల్లగా మెరుస్తుంది. తల్లి ముఖం నల్లగా ఉంది. బిడ్డ ఒళ్లు నల్లగా ఉంది. భుజం దగ్గర్నుంచి బుగ్గ మీది వేళ్లదాకా చెయ్యి మొత్తం తెల్లగా వెలిగింది.

చేసిందెవరో అడగక్కర్లేదు. అతుకు మీద బొటనవేలితో కిందికి రాసి, చివర్లో చిన్నగా ఎడమకు తిప్పే అలవాటు ఈ లోకంలో ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరూ రోజూ సాయంత్రం ఆవిడ వంటింట్లో కూర్చుని వెదురుపుల్లలు చెక్కుతారు.

ఇక్కడ పెద్దాయన గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే కోడలి కోపం అర్థం కాదు. ఆయనకు ఒకటే సూత్రం. దూరం నుంచి చూసేవాడికి అతుకు కనబడకూడదు, దగ్గరికొచ్చినవాడికి కనబడి తీరాలి. చేసిన ప్రతిదీ పుస్తకంలో రాయాలి. కోడలు కొత్తలో ఒక నంది చెవిని అచ్చం రాయిలాగే అతికి, మెచ్చుకుంటారేమోనని పళ్లికిలించి నిలబడింది. ఆయన భూతద్దం పెట్టి చూసి, ‘ఇది మరమ్మతు కాదమ్మాయ్, దొంగతనం’ అని, మొత్తం గీకించి మళ్లీ చేయించారు. ఆ రాత్రి ఆవిడ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. అలాంటి మనిషి చేశారు ఈ పని. పుస్తకాలన్నీ తిరగేసింది. ఆ చెయ్యి గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు.

కోపం ఒక ఎత్తు, ఇంటి సంగతి ఇంకో ఎత్తు. పెద్దాయన కొడుకు, అంటే ఆవిడ భర్త, లిఫ్టులు బాగుచేసే మనిషి. యాభై రెండేళ్లొచ్చి మీసాలు నెరిసినా తండ్రికి ఇంకా బుజ్జిగాడే. తల్లి పోయేనాటికి వాడికి రెండేళ్లు. ఆమె గొంతు గుర్తు లేదు, ముఖం గుర్తు లేదు. ఉన్న ఒక్క ఫోటోలో ఆమె పక్కకి చూస్తోంది. వాడికి తల్లి అంటే తండ్రి చెప్పిన ఒక్క మాటే. చిన్నప్పుడు నెలకోసారి మ్యూజియానికి తీసుకెళ్లి, బుగ్గతల్లి ముందు భుజాన ఎత్తుకుని, ‘చూడరా, నువ్వూ మీ అమ్మ బుగ్గ ఇలాగే పట్టుకునేవాడివి’ అని చెప్పేవారు. ఆ తల్లి బొమ్మ కార్డు ఇప్పటికీ బుజ్జి పనిముట్ల పెట్టె మూతకు లోపల అంటించి ఉంటుంది. గ్రీజు మరకలన్నీ పక్కనే ఆగిపోతాయి, ఒక్కటీ దాని మీద పడదు.

ఇప్పుడా చెయ్యి తీసెయ్యమని రాయాల్సింది ఆ మనిషి పెళ్లామే.

ఆ సాయంత్రం ముగ్గురూ వంటింట్లోనే ఉన్నారు. భర్త ముందు నోరు విప్పలేక కోడలు గిన్నెల మీద గిన్నెలు తోమింది. తోమినవే మళ్లీ తోమింది.

“ఏంటే, గిన్నెలకి చిల్లులు పెట్టేస్తావా ఏంటి?” అన్నాడు బుజ్జి.

అదృష్టం బాగుండి ఫోను మోగింది. ఎవరో ముసలావిడ నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిందట. బుజ్జి పెట్టె భుజాన వేసుకుని పరిగెత్తాడు. తలుపు పడగానే కోడలు చేతులు తుడుచుకుని మామగారి ఎదురుగా కూర్చుంది.

“మామయ్యా, బుగ్గతల్లిని దీపం కింద పెట్టాను.”

పెద్దాయన చెక్కుతున్న వెదురుపుల్ల ఆగింది. దూది చుట్టి రాయి తుడవడానికి ఆవిడకు కావలసిన పుల్లలన్నీ ఆయనే చెక్కి ఇస్తారు. ఎనభై ఒక్కేళ్లు వచ్చినా బజార్లో దొరికే పుల్లలంటే ఆయనకు పడదు.

“కనబడిందా?”

“పట్టపగల్లా కనబడింది. నంది చెవికి నన్ను దొంగ అన్నారే, గుర్తుందా?”

“ఉంది.”

“మరి మీరు చేసిందాన్ని ఏమనాలి?”

“అదే అనాలి” అన్నారాయన. సాకులేం వెతుక్కోలేదు. తనే చెప్పారు. “మీ అత్త చనిపోయిన ఏడాదే ఆ విగ్రహం మన గదికొచ్చింది. బిడ్డ చెయ్యి అప్పటికే విరిగిపోయి ఉంది. ఇంట్లో వీణ్ణి చూసేవాళ్లెవరూ లేక నాతోపాటే పనికి తీసుకెళ్లేవాణ్ణి. బల్ల కింద ఆడుకునేవాడు. వాడి చెయ్యి చూసే ఆ చెయ్యి చేశాను. రాస్తే తీసెయ్యమంటారు. అందుకని రాయలేదు. అబద్ధం మాత్రం ఎవరికీ చెప్పలేదమ్మాయ్.”

“చెప్పకపోవడమూ అదే మామయ్యా. నాకు నేర్పింది మీరే.”

ఆయన తలూపారు. ఆ తలూపడం చూశాక ఆవిడ కోపం సగం చచ్చింది. అంత పెద్దమనిషి, తప్పు చేసి దొరికిపోయి, పుల్ల చేత్తో పట్టుకుని అలా కూర్చుంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

“నేను రాయకుండా ఉండలేను” అంది మెల్లగా. “కానీ మీ అబ్బాయికి ఏం చెప్పను? ఆయనకున్న అమ్మ అదొక్కటే.”

“రాసెయ్. తీసే రోజు నన్నూ తీసుకెళ్లు. వాడికి నేను చెప్పుకుంటాను.”

గురువారం తీశారు. అధికారి ఒకామె వచ్చి కాగితాలు చూసి, ఫోటోలు తీయించి, ఇంకో పనుందని వెళ్లిపోయింది. గదిలో మామా కోడళ్లు మిగిలారు. పెద్దాయనకు ఎత్తు కుర్చీ వేసింది. ఆయన చేతులు ఇంత సున్నితమైన పనికి నిలవవు కాబట్టి పని ఆవిడది, మాట ఆయనది. వేడి నీళ్లలో ముంచిన దూదిని అతుకు మీద పెట్టడం, ఆగడం, సన్నటి చాకు మొనతో మెత్తబడిన పొడిని రాల్చడం. రాతిపొడి, సున్నం, జిగురు కలిపిన ముద్ద అది. యాభై ఏళ్లు రాయిలా నటించింది పాపం, నీళ్లు తగలగానే అసలు రంగు బయటపెట్టింది.

“తొందరపడకు. లోపల ఇత్తడి తీగ ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగకు.”

“లాగను మామయ్యా.”

“ముందు బుగ్గ దగ్గర విడిపించు. భుజం తర్వాత.”

మధ్యాహ్నం దాటాక చెయ్యి మొత్తంగా ఊడి ఆవిడ అరచేతిలోకి వచ్చింది. చిన్నది, బొద్దుది, మణికట్టు దగ్గర ఒక మడత. తన భర్త రెండేళ్లప్పటి చెయ్యి. ఆవిడకు కళ్లు చెమ్మగిల్లాయి. దూది పరిచిన పెట్టెలో దాన్ని పడుకోబెట్టి, తల్లి బుగ్గ తుడిచింది. బుగ్గ నున్నగా ఉంది. ఎక్కడా చిన్న గాటు కూడా లేదు. వెయ్యేళ్ల కిందట నిజంగా అక్కడ వేళ్లుండి విరిగి ఉంటే మచ్చ మిగలాలి కదా.

“మామయ్యా, అసలు చెయ్యి బుగ్గ మీద లేదు.”

ఆయన చూపు తల్లి మెడ మీదికి జారింది.

ఇన్నాళ్లూ ఆ చేతి వెనక దాగి ఉన్న చోటు ఇప్పుడు కనబడుతోంది. తల్లి మెడలో రాతి హారం, దాని మధ్యలో ఉసిరికాయంత ముద్ద. అదీ మామగారి సున్నమే, అదే బొటనవేలి గుర్తు. ఆవిడ దూది తడిపి దాని మీద పెట్టింది. పావుగంటకు ముద్ద మెత్తబడి ఊడింది. కింద పగులేదో ఉంటుందనుకుంది. పగులు కాదు. హారం పేట వెనకనుంచి ముందుకు వంగి నాలుగు చిన్న వేళ్ల కొసలు. మెతుకంత గోళ్లతో సహా. చెయ్యంతా విరిగిపోయినా వేళ్లు మాత్రం హారాన్ని వదల్లేదు.

కోడలు భూతద్దం తెచ్చి చూసింది. తర్వాత అర్థమైంది. ఈ వేళ్లను చూడకుండా వీటి మీద ముద్ద పెట్టడం ఎవరివల్లా కాదు.

“మీకు తెలుసు” అంది.

“తెలుసు.”

“తెలిసే కప్పేశారా?”

పెద్దాయన కుర్చీ దిగి వచ్చి విగ్రహానికి దగ్గరగా నిలబడ్డారు. ముట్టుకోలేదు. వేళ్లను చూస్తూనే చెప్పారు.

“మీ అత్తకి పన్నెండు రోజులు జ్వరం. ఆఖరి పొద్దున ఆసుపత్రిలో వీణ్ణి దాని పక్కన పడుకోబెట్టాను. వీడు నిద్రపోతూ దాని మెడలో గొలుసు పట్టుకున్నాడు. అది పోయాక కూడా పట్టుకునే ఉన్నాడు. తీసుకెళ్లేవాళ్లు వచ్చి నిలబడ్డారు. నేనే విడదీశాను అమ్మాయ్, ఒక్కో వేలూ. ఒకటి తీసి రెండోది తీసేసరికి మొదటిది మళ్లీ చుట్టుకునేది. ఆర్నెల్లకు ఈ బొమ్మ నా బల్ల మీదికొచ్చింది. దుమ్ము తుడిస్తే ఇవి బయటపడ్డాయి. ఎదురుగా ఇవి పెట్టుకుని ఎలా పనిచెయ్యను? కప్పేశాను. బుగ్గ పట్టుకోవడమూ నిజమే, వాడు పట్టుకునేవాడు. వాడికి అదే చెప్పాను. ఇది చెప్పలేకపోయాను.”

అంతవరకూ సూత్రం సూత్రమని పట్టుబట్టిన కోడలు అప్పుడొక మాట అంది. అంటానని తనే అనుకోలేదు.

“మీకు తెలుసని రాయను మామయ్యా. పొరపాటున పూడ్చారని రాస్తాను. అప్పట్లో ఇంత మంచి దీపాలు లేవు, కనబడలేదని రాస్తే ఎవరూ అడగరు.”

“వద్దు. ఒకసారి కప్పింది చాలు. తెలిసే చేశాడని రాయి. నా పేరు రాయి.”

ఆవిడ రాసింది. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో రాసి, కారణం రాయాల్సిన చోట చాలాసేపు ఆగింది. చివరికి ‘వేళ్లను చూడలేక’ అని రాసి సంతకం పెట్టింది.

సోమవారం మ్యూజియానికి సెలవు. బుజ్జిని వెంటబెట్టుకుని ఇద్దరూ వెళ్లారు. దారంతా వాడు కబుర్లు ఆపలేదు. లిఫ్టులో ఇరుక్కున్న ముసలావిడ బయటికి రాగానే తనకే చీవాట్లు పెట్టిందని చెప్పి నవ్వించాడు. గదిలోకి వచ్చి, చెయ్యి లేని విగ్రహాన్ని చూసి ఠక్కున ఆగిపోయాడు.

“చెయ్యేది?”

“నేను చేసిందిరా అది. రాతిది కాదు” అన్నారు పెద్దాయన. “తీయించేశాం.”

బుజ్జి ముఖం పాలిపోయింది. పెళ్లాం వైపు చూశాడు. పెద్దాయన కొడుకు మోచెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకెళ్లి, హారం మీది వేళ్లు చూపించి, ఆసుపత్రి పొద్దున సంగతి మొత్తం చెప్పారు. దేన్నీ తగ్గించలేదు. చెబుతూ రెండుసార్లు ఆగారు, రెండుసార్లూ మళ్లీ మొదలుపెట్టారు.

బుజ్జి వంగి, కళ్లద్దాలు పైకి తోసుకుని, నాలుగు వేళ్లనూ చూశాడు. చాలాసేపు చూశాడు. కోపమొస్తుందనుకుంది కోడలు. యాభై ఏళ్లు దాచారని అరుస్తాడనుకుంది.

“గట్టిగా పట్టుకున్నానా నాన్నా?” అన్నాడు.

“చాలా గట్టిగా. ఆఖరి వేలు నావల్ల కాలేదు. నర్సమ్మ తీసింది.”

“అమ్మ ముఖం కూడా గుర్తు పెట్టుకోలేనివాణ్ణి, నేనేం కొడుకునని అనుకునేవాణ్ణి. అంత తేలిగ్గా ఎలా వదిలేశానా అని.”

“నువ్వు వదల్లేదురా బుజ్జీ” అన్నారు పెద్దాయన. “ఎప్పుడూ వదల్లేదు. విడదీసింది నేను.”

బుజ్జి నిటారుగా లేచి, నెరిసిన మీసాలతో, గ్రీజు చేతులతో, తండ్రిని గట్టిగా కావలించుకున్నాడు. కోడలు తలుపు దగ్గరగా వేసి వరండాలోకి వచ్చి నిలబడింది.