మూడోసారి
డిపోలో డ్యూటీలు వేసే గుమస్తా ఆమె. డ్రైవర్లు ఫోన్లలో పెట్టే పోస్టులన్నీ చదివి, ఎవరికి బస్సు ఇవ్వకూడదో కంప్యూటరు చెబుతుంది. ఆమె పేర్లయినా చూడకుండా వరసగా ‘సరే’ నొక్కుతుంది. ‘కాదు’ నొక్కితే కారణం రాయాలి మరి.

ఈ ఉదయం ఒకే ఒక్క పేరు వచ్చింది. అన్నయ్యది. మనసు నిలకడగా లేదు, ఇది మూడోసారి అని ఉంది. ఇప్పుడు ‘సరే’ అంటే అతనికి ఇక స్టీరింగు ఉండదు.

ఆమె వెంటనే ఫోన్ చేసింది. “అన్నయ్యా, బాగానే ఉన్నావా?”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. పొద్దున్నే నీకేమైందే, పిచ్చి మొహమా?” అంటూ అతను పగలబడి నవ్వాడు.

చిన్నప్పటినుంచీ ఎరిగిన నవ్వే. ఇవాళ కాస్త ఎక్కువసేపు నవ్వుతున్నాడేమో అనిపించింది. కారణం రాయబోయిన వేళ్ళు ఆగిపోయాయి. అతనింకా నవ్వుతుండగానే ఆమె ‘సరే’ నొక్కింది.