పదకొండు ఇరవైకి వంగిన గీత

రామస్వామి రోజూ ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కి నాచారంలో దిగి, డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ తాళం తీసి, బల్లలు తుడిచి, చేతులకు గుడ్డ చుట్టుకుని సామాను పేర్చేవాడు. గుడ్డ ఎందుకని కొత్త పిల్లలు కూడా అడగరు. ఆయన దిగులుగా ఉన్నప్పుడు ఒట్టి చేత్తో ముట్టింది ఆ రోజంతా బరువెక్కుతుంది. అందుకే ఇంట్లో గ్యాస్ సిలిండర్ జరిపే పని ఆయనకు ఎవరూ చెప్పరు.

ఆదిలాబాద్ దగ్గర హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదివే ఆయన బిడ్డ భాగ్యశ్రీకి రెండు రోజులుగా జ్వరం. మాత్ర వేసుకుందా, కాచిన నీళ్లేనా, పక్కన ఎవరన్నా ఉన్నారా అని పొద్దున వార్డెన్‌ను నాలుగుసార్లు అడిగాడు. అయిదోసారి ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆ గాబరాలో గుడ్డ మరిచి, ప్రయోగానికి వాడే చిన్న చక్రాల ట్రాలీని పట్టాల మీద పెట్టాడు. ప్రాక్టికల్ పరీక్షలు కాబట్టి ఫోన్ ఆఫీసు బీరువాలోకి పోయింది.

ఆ ట్రాలీ మానస అనే అమ్మాయికి వచ్చింది. దారానికి వేలాడే బిళ్లలు ఒక్కొక్కటి పెంచుతూ, లాగే బలాన్ని బట్టి త్వరణం ఎంత పెరుగుతుందో రాయాలి. గ్రాఫ్ సరళరేఖ రావాలి. నాలుగు చుక్కలు వరుసలో కూర్చున్నాయి. అయిదోదాని నుంచి గీత కిందికి వంగింది.

రామస్వామి ఆ వంపు చూశాడు. తన చేతి తప్పుకు ఈ పిల్ల మార్కులు పోతాయి. ల్యాబ్ అటెండర్లు ఎప్పుడూ చేసే పనే చేశాడు: పక్కకు వచ్చి, మెల్లగా, "నిరుటి రికార్డుల లెక్కలున్నయి బిడ్డా. నేను జెప్త, రాస్కో" అన్నాడు.

"వద్దు మామా. వచ్చిందే రాస్త."

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఉమామహేశ్వర్ గ్రాఫ్ అందుకున్నాడు. బలం సరిగానే ఉంది, కొలతలూ సరిగానే ఉన్నాయి, అంటే ద్రవ్యరాశే పెరిగిందన్నాడు. ట్రాలీని ఎవరు ముట్టారని అడిగాడు. రామస్వామి చెయ్యెత్తి, తన చేతి సంగతి, బిడ్డ జ్వరం సంగతి చెప్పి, పిల్లకు మార్కులు కోయొద్దని బతిమాలాడు.

ఎగ్జామినర్ మార్కుల ఊసెత్తలేదు. అయిదో చుక్క పక్కన మానస రాసుకున్న టైం చూశాడు. "పదకొండు ఇరవై. అప్పుడు మీ దిగులు పెరిగిందా?"

"లేద్సార్. పొద్దటిసంది ఒక్కతీరే ఉంది."

ట్రాలీని కాటా మీద పెట్టించారు. అందరూ చూస్తుండగానే అంకె ఎక్కుతోంది.

"మరి ఇది పెరుగుతోందంటే కారణం మీలో లేదు, మీ బిడ్డ దగ్గరుంది. ముందు ఫోన్ తెచ్చుకోండి."

ఈసారి వార్డెన్ ఫోన్ ఎత్తింది. పిల్లలందరూ ఆటల పోటీల్లో ఉన్నారని, భాగ్యశ్రీ గదిలో పడుకుందని విసుక్కుంది. ఒక్కసారి పోయి చూడమని రామస్వామి ఏడ్చినంత పనిచేశాడు. ఆమె ఫోన్ ఇచ్చి పంపిన వంటమనిషి లక్ష్మీనర్సమ్మ చెప్పుల చప్పుడు, తలుపు తోసిన చప్పుడు, తరువాత కేక ఫోన్‌లో వినిపించాయి. బిడ్డ స్నానాల గది గడప మీద స్పృహ లేకుండా పడి ఉంది. జీపులో దవాఖానాకు తీసుకుపోయారు.

రామస్వామి దవాఖాన కబురు కోసం అక్కడే కూర్చున్నాడు. మానస రబ్బరు తీస్తే ఎగ్జామినర్ ఆ వంపును చెరపనివ్వలేదు. దాని కిందే సంతకం పెట్టాడు.

మూడు దాటాక ఫోన్ మోగింది. గొంతు నీరసంగా ఉంది.

"నాయినా, గ్లూకోజ్ పెట్టిన్రు. నువ్వు తిన్నవా?"

"తిన్న బిడ్డా" అన్నాడు, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి.