మూస్తే ఆగాలి

ఇమాం చేతిలో బాగుపడని జీపు జగ్గయ్యపేట చుట్టుపక్కల లేదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో మొదటివాడు ఇమామే. చిల్లకల్లు రోడ్డులో అతని రేకుల షెడ్డుకి బోర్డు కూడా లేదు. బోర్డులు కొత్తగా వచ్చినవాళ్లకి గాని తనకెందుకంటాడు. గొప్పలు చెప్పుకుంటాడని పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక నట్టు బిగించి, మళ్లీ తడిమి చూస్తే గాని పక్క నట్టు ముట్టడు. అలాంటివాడు ఒక శ్రావణ శుక్రవారం పొద్దున, చూడనిదాన్ని చూశానన్నాడు.

జీపు సాంబయ్యది. వత్సవాయి దాటాక వాగు అవతలి ఊళ్లో పత్తీ వరీ వేసుకునే రైతు. ఆయన భార్య సుబ్బమ్మకి రెండు కిడ్నీలూ చెడిపోయి మూడేళ్లయింది. వారానికి మూడుసార్లు పేటకి తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. ఒకసారి తప్పితే కాళ్లు వాస్తాయి, రెండుసార్లు తప్పితే ఊపిరి అందదు. ఊరికీ పేటకీ మధ్య ఆ వాగు, వాగు మీద చప్టా. మామూలు రోజుల్లో మేకలు కూడా అక్కడ గిట్టలు తడుపుకోకుండా దాటిపోతాయి. పైన ఖమ్మం వైపు వానలు పడి మున్నేరు పొంగిందంటే మాత్రం ఆ నీళ్లు వాగులోకి ఎదురెక్కుతాయి. పారవు, కోసుకుపోవు. మున్నేరు తగ్గేదాకా మూడు నాలుగు రోజులు చెరువులా అక్కడే నిలబడిపోతాయి. చప్టా నడిమధ్య ఛాతీలోతు.

పోయినేడు అలాగే నిలబడ్డాయి. ట్రాక్టరు మీద తీసుకెళ్దామంటే పట్టుకుని కూర్చునే ఓపిక సుబ్బమ్మకి లేదు, ట్రాలీ అయితే నీళ్లలో తేలిపోతుంది. సాంబయ్య మొండిగా జీపు దింపాడు. సగం దూరం వెళ్లాక ఇంజను గాలితో పాటు నీళ్లు తాగి ఠక్కున బిగుసుకుపోయింది. ట్రాక్టరుతో వెనక్కి లాగారు. నాలుగు రోజుల తరవాత పేటలో డాక్టరు, సుబ్బమ్మ ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు. ఇమాం, జీపు ఇంజన్లో నీరు చేరి కనెక్టింగ్ రాడ్డు వంగిందన్నాడు. ఇద్దరూ బాగై ఇంటికెళ్లారు. ఇంకోసారి అలా జరిగితే జీపుకి రాడ్డు మార్చొచ్చు గాని మనిషికి మార్చేదేమీ ఉండదని డాక్టరు చెప్పకపోయినా సాంబయ్యకి తెలిసింది.

అందుకే ఈ ఏడు వానలు ముదరకముందే వచ్చి ఇమాం ముందు కూర్చున్నాడు.

"నీళ్లలో మునిగినా ఊపిరాడేట్టు చెయ్యాలిరా దీనికి. ఏనుగు చూడు, తొండం పైకెత్తుకుని ఏరు దాటుద్ది."

"చేద్దాం బాబాయ్. కొనాలంటే దీనికి సరిపోయేది దొరకదు. నేనే కడతా."

నందిగామలో బోర్ల సామాను కొట్టు నుంచి మూడంగుళాల పైపు, దాన్ని వంపు తిప్పడానికి రెండు బెండ్లు తెచ్చాడు. లారీ ఇంజన్ల గాలి గొట్టానికి వాడే దళసరి రబ్బరు ముక్క సంపాదించాడు. ఎయిర్ ఫిల్టరు మూతి దగ్గర మొదలుపెట్టి, బానెట్టు పక్కన రేకు గుండ్రంగా కోసి, అక్కణ్ణించి అద్దం చట్రం వెంబడి జీపు కప్పుదాకా గొట్టం లేపాడు. పైన మూతి వెనక్కి తిప్పి జాలీ కట్టాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసి, ఇదేంటంటే, తొండం అన్నాడు. ఆ పేరే స్థిరపడింది.

ఇలాంటి పని పూర్తయ్యాక చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. ఇంజను ఆన్ చేసి, పైన గొట్టం మూతిని అరచేత్తో మూసెయ్యాలి. గాలందక ఇంజను గిలగిల్లాడి ఆగిపోవాలి. ఆగిందంటే గాలి ఆ మూతిలోంచి తప్ప ఇంకెక్కణ్ణించీ లోపలికి పోవడం లేదన్న మాట. ఆగకపోతే కింద ఎక్కడో సందుంది. గాలి దూరిన సందులోంచి నీళ్లూ దూరతాయి. ఒడ్డున చచ్చిన ఇంజనే నీళ్లలో బతుకుతుంది.

శుక్రవారం పదీ నలభైకి ముహూర్తం పెట్టించుకుని సాంబయ్య దిగాడు. అప్పటికి ఇమాం బెండు దగ్గర గమ్ము పూసి ఇంకా అరగంట కాలేదు. ఇంకో గంట ఆగుదామంటే, ముహూర్తం ఆగదన్నాడు సాంబయ్య. తొండానికి పసుపు రాసి బొట్లు పెట్టాడు, డాష్‌బోర్డు మీద దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించాడు, ఇంజను ఆన్ చేసి వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టాడు. జీపు ముందుకి కదిలి నాలుగూ చితికాయి.

"ఒక్క నిమిషం బాబాయ్. ఒకసారి ఆపి చూడాలి."

"ఆపడమేంటి?"

"పైన మూస్తే బండి ఆగాలి. ఆగుద్దో లేదో చూడాలి."

సాంబయ్య మొహం మాడిపోయింది. "కొబ్బరికాయ కొట్టాక ఆగిపోతే ఇంకేమన్నా ఉందా? మీ పిన్ని ఎక్కే బండి ఇది. ఇంటికెళ్లి ఆవిడ చేత్తో హారతి ఇప్పించేదాకా ఇంజను ఆపేది లేదు."

ఆపి చూస్తే గాని బండి పంపనన్న మాట ఇమాంకి నోటిదాకా వచ్చింది. ఇదే మాట ఏ వెంకటో పుల్లయ్యో అంటే మొండితనం అనుకుంటారు. ఒక సాయిబు, పూజ చేసిన బండిని ఆగిపోనిమ్మంటే ఎలా ఉంటుందో అనుకున్నాడు. నిజానికి సాంబయ్య అలా అనుకునే మనిషి కాదు. ఇమాం తండ్రి కాలం నుంచీ ఆ జీపు ఆ షెడ్డులోనే బాగవుతోంది. అయినా ఆ క్షణంలో ఇమాంకి తోచింది అదే, దాని వెనకాలే ఇంకోటి కూడా తోచింది: తను కట్టింది లీకవుతుందా? గర్వం, మొహమాటం ఒకటై కూర్చుంటే మనిషి నోట నిజం రాదు.

"అన్నీ చూశావుగా?" అన్నాడు సాంబయ్య, గేరు వేస్తూ.

"చూశా బాబాయ్."

జీపు వెళ్లిపోయింది. రోడ్డు మీద నిమ్మకాయల రసం ఎండిపోయేదాకా ఇమాం అక్కడే నిలబడ్డాడు. తరవాతి శుక్రవారం కలుద్దామనుకున్నాడు, కలవలేదు. ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు, ఏమని చెప్పాలో తేలక మానేశాడు. వారం కాస్తా మూడు వారాలైంది.

వానలు వచ్చాయి. శని, ఆది, సోమ ఎడతెరిపి లేదు. మంగళవారం పొద్దున షెడ్డుకొచ్చిన ఆటోవాడు, మున్నేరు నిండుగా పోతోందని, వాగు దారి మూసుకుపోయిందని చెప్పాడు. మంగళవారం సుబ్బమ్మ డయాలసిస్ రోజు. ఇమాం సాంబయ్యకి ఫోన్ చేశాడు. వాళ్ల ఊళ్లో కరెంటు పోయి టవరు పనిచెయ్యడం లేదేమో, కలవలేదు. రెండోసారి చెయ్యకుండా బైకు తీశాడు. దారి పొడుగునా అతనికి వినపడింది తన గొంతే. చూశా బాబాయ్.

వాగు దగ్గరికి చేరేసరికి తొమ్మిదైంది. ఎర్రటి నీళ్లు, కదలిక లేదు. చప్టా పక్కన లోతు గుర్తుల రాయి మెడదాకా మునిగి ఉంది. అవతలి ఒడ్డున పసుపు తొండంతో జీపు, ఇంజను ఆన్‌లో ఉంది. సాంబయ్య ముందే ఊడదీసిన ఫ్యాన్ బెల్టు చేత్తో పట్టుకుని బానెట్టు మూస్తున్నాడు. ఫ్యాను తిరిగి ఇంజను మీద నీళ్లు చిమ్మకుండా, దిగేముందు అది తీసెయ్యమని ఇమామే నేర్పాడు. నేర్పినవన్నీ శ్రద్ధగా చేస్తున్నాడు. సుబ్బమ్మ ముందు సీట్లో, ఒళ్లో ఆస్పత్రి సంచీ.

"బాబాయ్, దిగొద్దు," అని అరిచాడు ఇమాం. ఇంజను చప్పుడుకి అవతల వినపడలేదు. సాంబయ్య చెయ్యూపాడు. తన గొట్టం పనితనం చూసుకోవడానికి వచ్చాడనుకున్నట్టున్నాడు.

ఇమాం ఎడమ చెయ్యి నిటారుగా పైకెత్తి, కుడి అరచెయ్యి దాని మీద మూతలా పెట్టాడు. మళ్లీ పెట్టాడు. సాంబయ్య కాసేపు చూసి, అర్థమైనట్టు తలూపి, మెట్టెక్కి తొండం మూతిని అరచేత్తో మూశాడు. ఇంజను తడబడనైనా తడబడలేదు. అదే హోరు.

అవతల సాంబయ్య మొహం వెలిగిపోయింది. ఊపిరి మూసినా ఆగని బండి, ఇంకేం కావాలి? బొటనవేలు ఎత్తి చూపించి, సీట్లో కూర్చుని గేరు వేశాడు. ముందు టైర్లు నీళ్లు ముట్టుకున్నాయి.

ఇమాం చెప్పులతోనే వాగులోకి దిగాడు. మోకాళ్లు, నడుము. రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ అరుస్తూనే ఉన్నాడు. సుబ్బమ్మ అతణ్ణే చూస్తోంది. ఆవిడ డాష్‌బోర్డు వైపు వంగి, ఇంజను ఆపే నాబు పట్టుకుని లాగింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. నిలబడ్డ నీళ్ల మీద మాట బాగా నడుస్తుంది. సుబ్బమ్మ గొంతు పెద్దది కాకపోయినా ఇవతలికి వినపడింది.

"అబ్బాయ్ ఇమాం. మూస్తే ఆగాలా, ఆగకూడదా?"

"ఆగాలి పిన్నీ."

"అదే చెబుతున్నా ఈయనకి. ఆస్పత్రిలో నా నెత్తురు గొట్టం ఎక్కడన్నా మడతపడితే మిషను ఆగిపోయి కూత పెడుద్ది. ఆగలేదంటే ఎక్కడో గాలి లాగుతున్నట్టేగా?"

"లాగుతున్నట్టే."

సాంబయ్య జీపు దిగి నీళ్ల అంచుదాకా వచ్చాడు. "చూశానన్నావుగదరా ఆ రోజు."

"అబద్ధం చెప్పా బాబాయ్. చూళ్లేదు."

సాంబయ్య వెనక్కి తిరిగి తొండం వైపు చూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఇమాంకి. అవతలికి పోదామంటే అతనికి ఈత రాదు. నడుంలోతు నీళ్లలో అలాగే నిలబడి, ఏం చెయ్యాలో చెప్పాడు. జీపు వెనక్కి తియ్యాలి. ఇంజను ఆన్ చేసి బానెట్టు ఎత్తాలి. పటం దగ్గర అగరొత్తి ఉంటే వెలిగించి, ఒకళ్లు పైన మూతి మూసి ఉంచితే ఇంకొకళ్లు గొట్టం వెంబడి ప్రతి అతుకు దగ్గరా పట్టుకోవాలి. పొగ ఎక్కడ లోపలికి పోతే అక్కడ సందు.

సుబ్బమ్మ మెట్టెక్కి అరచేత్తో మూసింది. సాంబయ్య వంగి అగరొత్తి తిప్పాడు. కింది బెండు దగ్గర పొగ నిటారుగా లేస్తున్నదల్లా వంగి, దారంలా లోపలికి పోయింది. గమ్ము ఆరకముందే పదిహేను మైళ్లు కుదిపిన అతుకు అది. ముహూర్తం నాడే తెగింది.

సాంబయ్య ఇంజను ఆపి ఆ మాట కేకేశాడు. డిక్కీలో పాత సైకిల్ ట్యూబు ఉంది. దాన్ని పీలికగా కోసి, సాగదీసి, పది చుట్లు బిగించమన్నాడు ఇమాం. ఆ ట్యూబు మీద సుబ్బమ్మ సంచీలోంచి ప్లాస్టరు తీసి వరసలు వరసలుగా చుట్టింది. మూడేళ్లుగా సూదులు ఊడకుండా చేతికి ప్లాస్టరు వేయించుకుంటున్న మనిషి, ముడత లేకుండా వేసింది.

"ఇంజను ఆన్ చేసి, మూసి చూడు బాబాయ్."

సాంబయ్య చెయ్యి ఎత్తాడు గాని మూతి మీద ఆనించలేకపోయాడు. ఇందాక ఆగదన్న ధైర్యంతో మూశాడు. ఇప్పుడు ఆగుతుందని తెలిసి మూయాలి. సుబ్బమ్మ ఆయన్ని పక్కకి జరిపి తనే మూసింది. ఇంజను దగ్గింది, జీపంతా వణికింది, ఆగిపోయింది. సాంబయ్య కళ్లు మూసుకున్నాడు. ఇవతల ఇమాం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల పనిలో ఇంజను ఆగినందుకు అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

మళ్లీ ఆన్ చేశారు. జీపు మొదటి గేరులో, ఎక్సిలేటరు మీద కాలు తియ్యకుండా, నింపాదిగా దిగింది. బంపరు ముందు నీళ్లు గట్టులా లేచాయి. లైట్లు మునిగాయి, బానెట్టు మునిగింది, సుబ్బమ్మ సంచీ నెత్తిన పెట్టుకుంది. నడిమధ్యకి వచ్చేసరికి పైకి కనపడేది రెండు తలలు, అద్దం పై అంచు, పసుపు తొండం. ఇమాం ఒడ్డుకి పోకుండా అక్కడే నిలబడి, ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినకుండా విన్నాడు. అది ఒక్కచోట కూడా తడబడలేదు.

ఒడ్డెక్కి జీపు నీళ్లు కారుస్తూ నిలబడింది. ఇమాం దగ్గరికి వచ్చాడు గాని తలెత్తలేదు.

"పిన్నీ, ఆ రోజు నేను..."

సుబ్బమ్మ వినిపించుకోలేదు. "పైకెక్కు," అంది.

ఇమాం మెట్టెక్కాడు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుని, అరచెయ్యి తొండం మూతి మీద ఆనించింది. గొట్టం ఒక్క లాగున అతని అరచేతిని పట్టేసుకుంది, వదిలించుకోలేనంత గట్టిగా. ఇంజను గిలగిల్లాడి చేతి కిందే చచ్చిపోయింది. సాంబయ్య ఈసారి కళ్లు మూసుకోలేదు.

"ఇప్పుడు చెప్పు," అంది సుబ్బమ్మ. "చూశావా?"

"చూశా పిన్నీ."

"అయితే పద. నాకు టైమవుతోంది."

సాంబయ్య ఫ్యాన్ బెల్టు మళ్లీ తగిలించి ఇంజను ఆన్ చేశాడు. ఇమాం బైకు మీద వెనకాలే పేటదాకా వచ్చాడు. అరచేతిలో గుండ్రంగా ఎర్రటి అచ్చు పడింది. ఆస్పత్రి గేటు దగ్గర సుబ్బమ్మ దిగి లోపలికి నడిచేదాకా దాన్నే చూసుకుంటూ నిలబడ్డాడు.