ఉల్లి బస్తాల సాధకం

పూర్ణా మార్కెట్ వెనక సందులో తెల్లవారి ఐదున్నరకి మూడు పనులు ఒక్కసారే మొదలవుతాయి. ఉల్లిపాయల లారీ వెనక తలుపు దించుతారు. టీకొట్టు ధనలక్ష్మి పాలు పొయ్యి మీద పెడుతుంది. గురునాథరావు మాస్టారి మేడ మీద తంబురా మోగుతుంది.

తంబురా మోగకపోతే లారీలోంచి ఒక్క బస్తా కూడా దిగదు. మాస్టారి గదిలో వాయించేవాళ్ళు నిజంగా ఒకరినొకరు వింటూ వాయిస్తే ఆ సందులో బరువులు తగ్గిపోతాయి. యాభై కిలోల బస్తా ముప్ఫైకి దిగుతుంది, బాగా కుదిరిన రోజున ఇరవైకి. ఎప్పటినుంచి ఇలా అంటే, మాస్టారి గురువుగారు ఆ గదిలో అద్దెకు దిగినప్పటినుంచి అంటారు. ఆయన కాఫీ ఫిల్టరు పగిలిందని రెండు కచేరీలు మానుకున్న మనిషి. ఆ కథ వేరు. బస్తాలు మోసే కళాసీలు ఆ వేళకే దింపుడు పెట్టుకుంటారు. గ్యాస్ బండలవాడు మూడో అంతస్తు ఇళ్ళన్నీ ఆ గంటలోనే చుట్టేస్తాడు. కాటాలు తప్పు చూపిస్తున్నాయని షావుకార్లు ఒకప్పుడు గొడవ చేస్తే, ఎనిమిది కొట్టగానే వాయిద్యాలు మూసెయ్యాలని ఒప్పందమైంది. యాభై ఏళ్ళుగా మాస్టారు ఆ మాట తప్పలేదు.

తాయారు ఆ గదిలో పద్నాలుగేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది. వీణ మధులతది. మృదంగం నాగవంశీది. అతను స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి, మొహం కడుక్కుని, నేరుగా వచ్చి కూర్చుంటాడు. ఈ ముగ్గురూ కలిసి రెండేళ్ళుగా ఒకే తలుపు కొడుతున్నారు. చెన్నైలో ఒక సంగీత సంస్థ ఏటా ఒక చిన్న బృందాన్ని ఎంచుకుని ఇరవై ఊళ్ళు తిప్పుతుంది. పెద్ద హాళ్ళుండవు, మైకుండదు, ఒక గదిలో యాభై మంది శ్రోతలు, అంతే. అక్కడ వాయించినవాళ్ళకి ఆ తరవాత పిలుపులు ఆగవు. అయితే పాతికేళ్ళు దాటినవాళ్ళని తీసుకోరు. తాయారుకి వచ్చే నెలతో పాతిక నిండుతాయి.

ఆ ఏడు విశాఖలో ఎంపిక ఆదివారం పడింది. మధురవాడ ఆఫీసులో తాయారు ఉద్యోగంలో చేరాల్సింది ఆ మర్నాడు సోమవారం.

"రెండుసార్లు చూశాం కదమ్మా," అన్నాడు తండ్రి చలమయ్య. గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు పనికొచ్చి, ఇక్కడే రిటైరయిన మనిషి. "ఈసారి కాకపోతే బస్సెక్కెయ్. సాయంత్రాలు వాయించుకుందువుగాని. ఎవరొద్దన్నారు?"

సాయంత్రాలు వాయించుకునేవాళ్ళు తాయారుకి చాలామంది తెలుసు. వాళ్ళ పెట్టెలు అటకల మీద ఉంటాయి.

రెండుసార్లూ సంస్థ నుంచి వచ్చిన ఉత్తరంలో ఒకే వాక్యం ఉంది: 'వయొలిన్ చాలా బాగుంది.' తాయారు దాన్ని మెప్పు అనుకుంది. ఇంకా బాగా వాయిస్తే చాలనుకుని వేళ్ళు కాయలు కాసేలా సాధకం చేసింది. అప్పుడామె వేగం చూసి నాగవంశీ కూడా నిద్రమత్తు వదిలి లేచి కూర్చునేవాడు.

ఎంపిక ఇంకా ఇరవై రోజులుందనగా ఓ పొద్దున, కళాసీ మేస్త్రి అప్పలసూరి మేడకేసి చెవి పెట్టి విని, రెండు బస్తాలు ఒక్కసారే వీపు మీద వేయించుకున్నాడు. పైన కాంభోజి కుదురుగా నడుస్తోంది. మధులత ఒక స్వరం మీటి లాగింది. అది ఇంకా గాలిలో ఉండగానే తాయారుకి చెయ్యి ఆగలేదు. మూడు కాలాల్లో స్వరాలు జలజలా దొర్లించేసింది.

లారీకి వేసిన బల్ల మీద అప్పలసూరి కూలబడ్డాడు. ఉల్లిపాయలు టీకొట్టు దాకా దొర్లాయి.

తాయారు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది బాబాయ్?"

"ఏటవుద్ది? బుజం తప్పింది," అన్నాడు అప్పలసూరి పళ్ళు బిగబట్టి. "నువ్వు బాగానే వాయించినావు తల్లీ. గానీ ఒక్కదానివే ఎల్లిపోనావు. ఆ వీణ పాప ఇంకా ఎనకాలే ఉండిపోయింది."

"నీకెలా తెలుసు?"

"నా మెడకి తెల్దేటి?"

అతని జోడీ ఎల్లాజీ ఉల్లిపాయలు ఏరుతూ, "రెండెత్తుకోమని ఎవులు సెప్పినారు బావా నీకు? పెల్లిసూపులకి ఎల్తన్నావేటి ఈ వయసులో?" అన్నాడు. సందంతా నవ్వింది. తాయారుకి నవ్వు రాలేదు.

మాస్టారు ఆ రోజు కోప్పడలేదు. తంబురా మూసి, "వీణ స్వరం పుట్టిన దగ్గర్నుంచీ తగ్గిపోతూనే ఉంటుందమ్మా. నీ కమాను లాగినంతసేపూ నీ స్వరం బతికే ఉంటుంది. బతికున్నదానికే ఓపిక ఉండాలి," అన్నారు. ఈ మాట పద్నాలుగేళ్ళుగా వేరువేరు రకాలుగా చెబుతూనే ఉన్నారు. తాయారు తలూపుతూనే ఉంది.

మర్నాడు సాధకానికి ముందు ఆమె టీకొట్టు బల్ల మీద కూర్చుంది. భుజానికి కట్టుతో అప్పలసూరి పక్కనే చతికిలబడి, మిగతావాళ్ళ పని చూస్తున్నాడు.

"ఎత్తేవోలు ఇద్దరు, మోసేవోడు ఒకడు. సూస్తన్నావా?" అన్నాడు. "బస్తా ఈపు మీద పెట్టినాక మోసేవోడు నడుం సర్దుకుని 'ఊఁ' అంటాడు. అది ఇన్నాకే ఎత్తేవోలు సెయ్యి తియ్యాల. ముందే తీసేత్తే ఆడి నడుం పోద్ది."

"ఊఁ అనకపోతే?"

"అనేదాకా పట్టుకునుండాల. ఏటి తొందర? లారీ ఎల్లిపోతాదేటి?"

తాయారు పైకెళ్ళి కమాను తీగ మీద ఆనించింది. మధులత మీటింది. స్వరం సన్నబడింది, ఇంకా సన్నబడింది. తాయారు ఆగింది. ఆ కొసన, వినీ వినబడనంత చిన్నగా, స్వరం నడుం సర్దుకున్నట్టయింది. అప్పుడు దాని కిందికి తన స్వరాన్ని పోనిచ్చింది. మొదటిసారి సరిగ్గా కుదరలేదు. పదోసారీ కుదరలేదు. పద్నాలుగేళ్ళు ముందుకు దూకడం నేర్చుకున్న చెయ్యి అది. ఎంపికకి ముందు రోజు శనివారం నాటికి కూడా బస్తా నలభై కిలోల దగ్గరే నిలబడింది.

"పరవానేదు," అంటూ ఎల్లాజీ మొహమాటంగా మెడ రుద్దుకున్నాడు.

ఆదివారం పదకొండుకి బీచి రోడ్డులో ఓ మేడ మీది హాలు. న్యాయనిర్ణేత కుసుమకుమారి గారు ఎనభై ఏళ్ళ వీణ విదుషీమణి. భారీ మనిషి. మోకాళ్ళు అరిగిపోయి తొమ్మిదేళ్ళుగా తనంతట తాను లేచింది లేదు. ఇద్దరు మనుషులు ఆవిణ్ణి కుర్చీతో సహా మోసుకుంటూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి రొప్పుతూ పైకి తెచ్చారు. రెండుసార్లూ ఆ ఒక్క వాక్యం రాసింది ఆవిడే.

కాంభోజి ఎత్తుకున్నారు. మధులత మీటి లాగింది. సరిగ్గా ఆ చోటే తాయారు వేళ్ళలోకి ఆ పాత స్వరాల వరద తోసుకొచ్చింది. వాయిస్తే హాలు చప్పట్లతో ఊగిపోతుందని ఆమెకి తెలుసు. కమాను కదపలేదు. ఒక్క క్షణం హాల్లో వీణ ఒక్కటే, కొసదాకా, ఒంటరిగా వినిపించింది. తరవాత ఆ స్వరం ఊఁ అంది. వయొలిన్ దాని కిందికి వెళ్ళి మోసింది. నాగవంశీ రెండు దెబ్బలు వెయ్యకుండా వదిలేసి, మూడోది వేశాడు. ఎవరు ఎవరి వెనక ఉన్నారో ఇక తెలియలేదు. బల్ల మీది కాగితాలు వాటంతటవే లేచి కూర్చున్నాయి.

ముగించాక చప్పట్లు లేవు. కుసుమకుమారి గారు లేచి నిలబడ్డారు.

మోసినవాళ్ళిద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఆవిడ చేత్తో వారించి, నడుచుకుంటూ వచ్చి మధులత ముందు ఆగారు. "రెండేళ్ళుగా నీ వీణ ఎక్కడుందా అని వెతుకుతున్నానే పిల్లా. ఇవాళ దొరికింది." ఆ మాట మధులతతో అంటూ, చెయ్యి మాత్రం తాయారు తల మీద పెట్టారు. "ఇరవై ఊళ్ళు. బట్టలు సర్దుకోండి ముగ్గురూ."

మెట్లు ఆవిడే దిగారు. మనుషులిద్దరూ ఖాళీ కుర్చీ మోసుకుంటూ వెనకాల నడిచారు.

సోమవారం పొద్దున చలమయ్య మధురవాడ మాట ఎత్తలేదు. వయొలిన్ పెట్టె తనే పట్టుకుని సందు మొదటిదాకా వచ్చి, కూతురి చేతికిచ్చాడు.

"బాబాయ్, నిన్న..." అంటూ మొదలెట్టింది తాయారు.

"తెలుసులే తల్లీ," అన్నాడు అప్పలసూరి. "నిన్న పదకొండుకి మీరక్కడ వాయిత్తంటే ఇక్కడ మార్కెట్లో కాటాలన్నీ సున్నా కాడ నిలిసిపోనాయి. షావుకార్లు తిట్టుకుంటా కూకున్నారు. మాస్టారు సాయంత్రం దాకా కొట్టు కొట్టుకీ ఎల్లి సెమాపణ సెప్పుకున్నారు."

నిజమే. యాభై ఏళ్ళలో మొదటిసారి ఎనిమిది దాటాక ఒప్పందం తప్పినందుకు మాస్టారు ప్రతి కొట్టు ముందూ నిలబడి దణ్ణం పెట్టారు. ఆయన మొహంలో విచారం మటుకు ఎవరికీ కనబడలేదు.

ఐదున్నర అయింది. తంబురా మోగింది. అప్పలసూరి భుజం కట్టు విప్పి లారీకి వీపు పెట్టాడు.

"రెండెత్తు ఎల్లాజీ."

"బుద్ది రానేదేటి బావా నీకు?"

"ఎత్తు."

పైన మధులత మీటింది. తాయారు కమాను తీగ మీద ఆనించి, ఆగింది.

కింద నుంచి వినిపించింది: "ఊఁ."