నిండు కండె

నూలు మోసే నాడె మగ్గంలో కుడి నుంచి ఎడమకు దూకింది. పోగును బిగించే పలక దబ్బున కొట్టింది. ఆ దెబ్బ కిందే మద్దయ్య దగ్గాడు. మూడు నెలలుగా ఆయన దగ్గు అలాగే మగ్గం చప్పుడులో దాక్కుని వస్తోంది.

మగ్గం గుంటలో వేలాడే సన్నటి కాళ్లు, నూలు పొట్టు పట్టిన కనుబొమ్మలు. నలభై ఏళ్లుగా ఆ మనిషి ఎవరితోనూ తగవు పడలేదు. అందుకేనేమో, పాపం, ఎవరికీ పెద్దగా గుర్తూ రాడు.

కర్నూలు రాజధాని అయింది గానీ మగ్గాలవీధికి ఆసుపత్రి రాలేదు. పదహారు మైళ్ల అవతల మిషన్ ఆసుపత్రి ఉంది. వీధివాళ్లు గాయాల కట్లగుడ్డ నెలకో తాను నేసిస్తే, అక్కడ ఒక మంచం వీళ్లది. గుడ్డ కోసం వచ్చే బండిలోనే రోగి వెళ్లాలి. గుడ్డ తాను నిండకపోతే ఆ నెల మంచం మరో ఊరికి పోతుంది. ఈసారి నేత వంతు మద్దయ్యది. బండి ఈ సాయంత్రమే వస్తుంది.

మధ్యాహ్నం వీధిపెద్ద ఈరన్న సంగటిముద్ద తెచ్చి గుంట పక్కన పెట్టాడు. నాడెలో నూలు అయిపోయిన కండె తీసేసి, నిండు కండె తన చేత్తోనే ఎక్కించాడు.

"నీ దగ్గు నాకు ఇనపడ్తాండాది మద్దయ్యా. ఈ పొద్దు బండి నువ్వెక్కు."

"దగ్గేందప్పా, మగ్గం చప్పుడది. తిమ్మమ్మను ఎక్కియ్. పసిబిడ్డ తల్లి."

గోడ అవతల బాలింత తిమ్మమ్మ మూడు రోజులుగా జ్వరంతో కాలిపోతోంది. ఈరన్న వంగి, నేసిన గుడ్డ కొలిచాడు.

"ఇంకా నాలుగు మూరలు తక్కువుండాదే."

"అయితాది పో."

పొద్దు వాలినా మగ్గం ఆగలేదు. బండి వచ్చింది. ఈరన్న తిమ్మమ్మను లేపబోతే, ఆమె గోడకు చెవి ఆనించి వింటోంది.

"మామా, మద్దయ్య మామకు దగ్గు పోయినాదే. మద్దేనం నుంచి ఒక్కసారి గూడా దగ్గలేదు."

ఈరన్న ఆమెను అలాగే వదిలేశాడు. పక్కింటికి పరుగెత్తాడు. గడపలో కాలు పెట్టగానే మగ్గం చప్పుడు ఆగింది.

మద్దయ్య నేసిన గుడ్డ మీద చెంప పెట్టుకుని ఉన్నాడు. నాడె పట్టిన చెయ్యి కొయ్యలా బిగిసి, చల్లగా ఉంది. సంగటిముద్ద ముట్టనే లేదు. దాని నిండా చీమలు. మధ్యాహ్నమే పోయుండాలి.

ఏడవడానికి వ్యవధి లేదు. తల మెల్లగా ఎత్తి గుడ్డ కోసి కొలిచాడు ఈరన్న. మళ్లీ కొలిచాడు. ఆ నాలుగు మూరలూ ఉన్నాయి.

బండి గుడ్డనూ, తిమ్మమ్మనూ, బిడ్డనూ ఎక్కించుకుని కదిలింది. అది మలుపు తిరిగాక ఈరన్న గుంట పక్కన కూలబడి భోరున ఏడ్చాడు. తర్వాత మద్దయ్య పిడికిలి విప్పి నాడె తీసి చూశాడు.

మధ్యాహ్నం ఎక్కించిన కండె అందులో నిండుగా ఉంది, ఒక్క పోగు కూడా తరగకుండా.