స్వామికి కొన్న గిన్నెలు

నేను నీసు ముట్టనన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, గిన్నెలు తోమేటప్పుడు తప్ప. ఆదివారం మాంసం వండిన గిన్నెకు పట్టిన కొవ్వును ఊపిరి బిగబట్టి గీకాలి. వండేదీ నేనే. ఉప్పు చూడ్డానికి మాత్రం మా ఆయన సాయిచంద్‌ను పిలుస్తాను. అయినా కూర బాగా లేకపోతే తిట్లు నాకే. నాకిది మొక్కు కాదు, జబ్బు కాదు. చిన్నప్పటి నుంచీ సయించదు, అంతే.

పోయిన ఎండాకాలం హుస్నాబాద్‌లో మా ఆడబిడ్డ జమున వదినె ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లాం. వండిందంతా మాంసమే. "ముక్కలు పక్కకు వెట్టి షోర్వ పోసుకో, ఏంగాదు" అంది వదినె. నేను మామిడి తొక్కుతో రెండు ముద్దలు తిని లేచాను. నాకు నఖ్రాలెక్కువని మా ఆయన నవ్వితే, వదినె భర్త దశరథం అన్నయ్య కూడా నవ్వాడు. సిగ్గు సంగతి అటుంచి, నిజంగా ఆకలేసింది. బస్సులో దారంతా ఏడుపు ఆపుకుంటూ వచ్చాను.

ఇప్పుడు ఆ అన్నయ్యే ఆంజనేయస్వామి మాల వేసుకున్నాడు. కొండగట్టుకు పోతూ కరీంనగర్‌లో మా ఇంట్లో భిక్షకు ఆగుతానన్నాడు. ఇక చూడాలి మా ఇంటి హడావిడి. ఫ్రిజ్‌లో గుడ్లు పక్కింటికి పోయాయి. పొయ్యిని పసుపునీళ్లతో కడిగాను. ఉల్లి, ఎల్లిపాయ కూడా వేయొద్దని వదినె ఫోన్ చేసి మరీ చెప్పింది. మా అత్తమ్మ సక్కుబాయి దగ్గరుండి కొత్త స్టీలు గిన్నెలు కొనిపించింది.

"నీసు వండిన గిన్నెల స్వామికి ఎట్ల పెడ్తం? పాపం తగుల్తది" అంది.

పెళ్లయిన నాటి నుంచి నేను ఆ నీసు గిన్నెల్లోనే పప్పు వండుకుని తింటున్నాను. ఆ పాపం ఎవరికీ తగల్లేదు.

అన్నయ్య కడుపునిండా తిని, మా ఇద్దరినీ దీవించి వెళ్లాడు. నెల పైన మాంసం మానేసినందుకు ఇల్లంతా అతన్ని స్వామీ స్వామీ అంటూ తిరిగింది. నేనేమో పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ముట్టకపోయినా నఖ్రాల మనిషినే. కోపం వచ్చింది. ఆ కోపంతోనే గిన్నెలన్నీ కడిగి బోర్లించాను.

సాయంత్రం మా ఆయన నల్ల కవర్లో చికెన్ పట్టుకొచ్చాడు. ఒక్క పూట పప్పన్నానికే నోరు చచ్చిపోయిందట. కొత్త గిన్నెల్లో పెద్దది తీసి, ఇందులో వండమన్నాడు. నేను దాన్ని అతని చేతిలోంచి తీసుకున్నాను.

"గిండ్ల నీసు వండద్దు."

"బావ పోయిండు గద. ఇంకెవరి కోసం?"

"నేను పోలే," అన్నాను. "గీ ఇంట్లనే ఉన్న."