కార్డు మీద రెండో గీత

నా బావమరిదిని నేను క్షమించను. నా సెలూన్‌లో సగం వాటాదారు, చదువుకున్నవాడు. నేను ఐదో క్లాసులోనే బడి మానేశాను కాబట్టి నా చీటీలన్నీ వాడే చదివేవాడు.

నాకు హెపటైటిస్ సి అన్నారు. మూడు నెలలు మాత్రలు మింగాను, ఒక్క పూట తప్పలేదు. అవి అయిపోయిన పన్నెండు వారాలకి రక్తపరీక్ష చేయించమని డాక్టరమ్మ రాసిచ్చింది. బావమరిది చీటీ పైపైన చూసి, "దీనికి అంత దూరం ఎందుకు బావా, సందు చివర ల్యాబ్‌లో పావుగంట పని" అన్నాడు. అక్కడ కార్డు మీద నెత్తురు చుక్క వేశారు. రెండు గీతలొచ్చాయి.

"జబ్బు పోలేదు బావా."

"మాత్రలన్నీ మింగానురా."

"గీత కనబడుతోందిగా. కత్తి పట్టే పని మనది. గిరాకీకి ఏం చెప్పమంటావు?"

అప్పటికే అందరికీ చెప్పేశాడు. నా పేరుంటే షాపుకి ఎవరూ రారన్నాడు, నా వాటా వాడి పేరున రాసిచ్చాను. మా ఆవిడ పాపని తీసుకుని షాపు పై అంతస్తులో ఉన్న తమ్ముడింటికి, అంటే వాడింటికే, పోయింది. "తగ్గాక వస్తాం" అంది, గుమ్మం అవతల నిలబడి.

ఏడు నెలలు ఒక్క గదిలో ఉన్నాను. నా గడ్డం తప్ప ఇంకో గడ్డం ముట్టలేదు. పొద్దున గీసుకుని సాయంత్రం మళ్లీ గీసుకునేవాణ్ని, చేతికి పనుండాలి కదా.

మాత్రలు మళ్లీ రాయించుకుందామని ఆస్పత్రికి వెళ్లాను. రక్తం తీసే అమ్మాయి నా కాగితాలు తిరగేసింది.

"బాబాయ్, ఈ కార్డు పరీక్ష ఎవరు చేయించమన్నారు?"

"మా బావమరిది."

"ఆయన డాక్టరా?"

"కటింగ్ చేస్తాడు."

నవ్వాపుకుంది. "ఒకసారి ఈ జబ్బు వస్తే, ఒళ్లు దాంతో పోరాడిన గుర్తు ఇందులో కనబడుతూనే ఉంటుంది, నయమైనా సరే. వైరస్ ఇప్పుడుందో లేదో చూసే పరీక్ష వేరే. డాక్టరు రాసింది అదే."

ఆ పరీక్షకి రక్తం తీసుకుంది. నాలుగు రోజులకి వచ్చిన కాగితం తనే చదివి వినిపించింది. వైరస్ లేదు.

నేరుగా షాపుకి వెళ్లాను. బావమరిది చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మంచిదే బావా. కానీ గిరాకీకి ఇదంతా ఎవరు విడమర్చి చెబుతారు?"

"నువ్వే. ఉందని చెప్పింది నువ్వేగా."

కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. కుర్చీలో ఉన్నాయన నన్ను చూసి మెడ దగ్గర గుడ్డ బిగించుకున్నాడు. నా కుర్చీ దగ్గర వేరే మనిషి కత్తెర ఆడిస్తున్నాడు.

మా ఆవిడ మెట్లు దిగొచ్చి కాగితం అటూ ఇటూ తిప్పింది. "పాప బడి ఇక్కడికి దగ్గర. చూద్దాంలే" అంది.

పద్నాలుగు గజాల షాపు అది. అందులో నేను వాడికి రాసిచ్చింది రోడ్డు వైపు సగం, ఏడు గజాలు.